పాదరసానికి కీలేషన్ మందు వాడుతున్నప్పుడు కడుపు బాధలు: ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి

ఒంట్లో పాదరసం చేరిందని తేలి, డాక్టరు కీలేషన్ మందు (లోహాన్ని పట్టుకుని ఒంట్లోంచి బయటికి పంపే మందు) మొదలుపెట్టాక రోగిని ఎక్కువగా విసిగించేది కడుపే. నోట్లో చిలుము రుచి, పొద్దున్నే వికారం, ఉన్నట్టుండి నీళ్ల విరేచనాలు, లేదంటే రోజుల తరబడి విరేచనమే కాకపోవడం. అప్పుడు ఇంట్లో రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. "విషం బయటికి పోతోంది, ఓర్చుకో" అంటారు పెద్దవాళ్లు. "మందు పడట్లేదు, మానెయ్" అంటారు పక్కింటివాళ్లు. రెండూ ప్రమాదకరమైన మాటలే. పాదరసం మందుతో కలిసి ప్రధానంగా మూత్రంలో పోతుంది. ఎన్ని విరేచనాలైతే అంత విషం పోయినట్టు లెక్క ఏమీ లేదు. చెప్పకుండా మానేస్తే వైద్యం సగంలో ఆగిపోతుంది. ఓర్చుకుంటూ కూర్చుంటే ఒంట్లో నీరు తగ్గి, మందు బయటికి పోవాల్సిన దారి అయిన కిడ్నీల మీదే భారం పడుతుంది.

కడుపు బాధ వచ్చిందంటే దానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణం చాలాసార్లు గడియారంలో దొరుకుతుంది: ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, దానికి ముందు వెనకా ఏం తిన్నారు, ఏం తాగారు. ఈ మార్గదర్శి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఒడిశాలోని బ్రహ్మపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండే మన తెలుగు కుటుంబాల కోసం రాస్తున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి బ్రహ్మపురంలో బంగారం పని చేస్తాడు. అతని వైద్యం సాగినన్నాళ్లూ వదిన, నేను కలిసి మందుల వేళలు చూసుకున్నాం. అందుకే ఈ విషయం నాకు పుస్తకంలో చదివిన సంగతి మాత్రమే కాదు.

ఇది ఎవరికి, ఎవరికి కాదు

రక్తంలోనో మూత్రంలోనో పాదరసం ఎక్కువగా ఉందని పరీక్షలో తేలి, డాక్టరు మందు రాసినవాళ్లకు ఇది. "ఒంట్లో విషాలు కడిగేసుకుందాం" అని ఇంటర్నెట్‌లో పొడులు, క్యాప్సూల్స్ తెప్పించుకుని సొంతంగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం కాదు. అలా చేయకండి. కీలేషన్ మందులు పాదరసాన్ని పట్టుకున్నట్టే ఒంటికి కావాల్సిన జింకు, రాగి లాంటి ఖనిజాలనూ పట్టుకుపోగలవు. రక్తకణాలు తగ్గవచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. కీలేషన్‌కు వాడే ఈడీటీఏ అనే మందులో ఒక రకం బదులు మరో రకం ఇవ్వడంతో రక్తంలో కాల్షియం పడిపోయి అమెరికాలో పిల్లలు చనిపోయిన ఘటనలు 2000 తర్వాతి సంవత్సరాల్లో నమోదయ్యాయి. ఆటిజానికి కీలేషన్ చేస్తామనేవాళ్ల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లకండి. అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు.

ఇంకో మోసం కూడా ఉంది. ముందు కీలేషన్ మాత్ర మింగించి, తర్వాత మూత్రం పట్టి, "చూడండి ఎంత పాదరసమో" అని చూపిస్తారు. మాత్ర వేస్తే ఎవరి మూత్రంలోనైనా లోహాలు పెరుగుతాయి. ఆ అంకెను మాత్ర వేయకుండా తీసిన మామూలు అంకెలతో పోల్చడం తప్పు. మందు వేయకుండా తీసిన పరీక్షే పరీక్ష. ఆవిరి రూపంలో పీల్చిన పాదరసానికి, క్రీముల్లోని పాదరసం లవణాలకు 24 గంటల మూత్రం చూస్తారు. చేపల ద్వారా వచ్చే మిథైల్ పాదరసానికి రక్తం చూస్తారు. రక్త పరీక్షకు ముందు కొన్ని రోజులు చేపలు తినవద్దని చెబుతారు, పాటించండి.

మొదటి పని: పాదరసం ఎక్కడి నుంచి వస్తోందో ఆపడం

దీన్ని వదిలేసి కడుపు గురించి మాట్లాడుకోవడం వృథా. మందు ఒక పక్క తీస్తుంటే, ఇంకో పక్క పాదరసం ఒంట్లోకి చేరుతూ ఉంటే కోర్సులు పెరుగుతాయి, వాటితో కడుపు బాధలూ పెరుగుతాయి.

మన వైపు చూసుకోవాల్సినవి ఇవి. బంగారం దుకాణంలో ఊడ్చిన దుమ్ము నుంచి బంగారం తీయడానికి పాదరసం కలిపి వేడి చేయడం, పాత పద్ధతిలో పాదరసంతో పూత వేయడం. వేడికి లేచే ఆవిరికి రంగూ వాసనా ఉండవు. పీల్చిన దాంట్లో సుమారు 80 శాతం ఊపిరితిత్తుల గుండా రక్తంలోకి పోతుంది. పని గది, పడక గది ఒకటే అయిన ఇళ్లలో పిల్లలూ పీలుస్తారు. తర్వాత, పేరూ ఊరూ సరిగా లేని తెల్లబడే క్రీములు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు బయటపడ్డాయి. ఇక పాదరసం కలిసిన రసౌషధాలు, భస్మాలు. వీటి గురించి డాక్టరుకు చెప్పడానికి మనవాళ్లు మొహమాటపడతారు. డబ్బానే తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. పగిలిన థర్మామీటరు, పాత బీపీ మిషను నుంచి కారిన పాదరసాన్ని చీపురుతో ఊడ్చినా, వాక్యూమ్ క్లీనర్ పెట్టినా అది ఇంకా చిన్న చుక్కలై ఆవిరవుతుంది. కిటికీలు తెరిచి, గట్టి కాగితంతో చుక్కలన్నీ ఒకచోటికి చేర్చి, మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టాలి.

పాదరసం చుక్క మింగేశారని భయపడి వచ్చేవాళ్లూ ఉంటారు. థర్మామీటరులోని ద్రవ పాదరసం పేగుల నుంచి రక్తంలోకి దాదాపు పోదు, మలంలో వచ్చేస్తుంది. పాదరసం లవణాలు మింగితే మాత్రం అది అత్యవసరం. అవి కడుపును, పేగును కాల్చేస్తాయి. ఇంట్లో ఏమీ చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117. రాత్రింబవళ్లు పలుకుతారు. డాక్టరు కూడా అక్కడికి ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు.

రెండో పని: మీకు రాసిన మందు ఏదో తెలుసుకోవడం

"కీలేషన్ మందు" అంటే ఒకటే మందు కాదు. కడుపును ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఇబ్బంది పెడుతుంది. కాబట్టి చీటీ మీద పేరు చదివించుకోండి.

డీఎంఎస్ఏ, మరో పేరు సక్సిమర్. నోటి ద్వారా వేసుకునే క్యాప్సూల్. మన దేశంలో అన్ని చోట్లా సులువుగా దొరకదు. సీసం విషానికి రాసే పద్ధతిలో కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 8 గంటలకోసారి 5 రోజులు, ఆ తర్వాత 12 గంటలకోసారి 14 రోజులు ఇస్తారు. పాదరసానికీ చాలామంది ఇదే పద్ధతి పాటిస్తారు. మీ మోతాదు మీ డాక్టరు చెప్పిందే. ఇందులో గంధకం ఉంది కాబట్టి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మూత్రం, చెమట, మలం కూడా అలాగే వాసన వేస్తాయి. అది చూసి కడుపు చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. వికారం, వాంతులు, పలచని విరేచనాలు, ఆకలి లేకపోవడం, నోట్లో లోహపు రుచి దీనితో మామూలే.

డి-పెనిసిలమిన్. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకు కూడా వాడే మందు కావడంతో మన దగ్గర సులువుగా దొరికేది ఇదే. కడుపుకు సంబంధించి వేళలు ఎక్కువగా పాటించాల్సింది దీనికే. నాలుక రుచి పోవడం దీని ప్రత్యేకత. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. దీనితోపాటు బీ6 విటమిన్ మాత్ర రాస్తారు. అది బలం మాత్రే కదా అని వదిలేయకండి.

బీఏఎల్, మరో పేరు డైమెర్కాప్రోల్. ఆసుపత్రిలో కండలోకి లోతుగా ఇచ్చే నొప్పి ఇంజెక్షన్. వేరుశనగ నూనెలో కలిపి ఉంటుంది కాబట్టి పల్లీలు పడనివాళ్లు చెప్పి తీరాలి. మిథైల్ పాదరసం కేసులో దీన్ని వాడరు, మెదడులోకి పాదరసం మరింత చేరే ప్రమాదం ఉంది. కొరాపుట్, రాయగడ లాంటి మలేరియా ప్రాంతాల్లో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లకు ఈ ఇంజెక్షన్‌తో ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా మలేరియా మాత్రలకు మూత్రం నల్లగా వచ్చిన చరిత్ర ఉంటే, అడగకపోయినా చెప్పండి. ఈ ఇంజెక్షన్ నడుస్తున్నంత కాలం ఐరన్ మాత్రలు వేసుకోకూడదు, రెండూ కలిస్తే కిడ్నీలకు హాని.

మూడో పని: గడియారం ముందు కూర్చుని వేళలు రాసుకోవడం

ఇక్కడ ఒక అరగంట కేటాయించండి. తర్వాత పడే టెన్షన్ చాలా తగ్గుతుంది.

పెనిసిలమిన్ ఖాళీ కడుపుతో వేసుకోవాలి. అంటే భోజనానికి గంట ముందు, లేదా భోజనమైన రెండు గంటల తర్వాత. పాలు, వేరే మందులు ఏవైనా కనీసం గంట దూరంలో ఉండాలి. ఐరన్, జింకు, యాంటాసిడ్ సిరప్ అయితే రెండు గంటలకు తగ్గకుండా. ఎందుకంటే ఈ మందు పని లోహాన్ని పట్టుకోవడం. కడుపులో ఐరనో జింకో ఎదురైతే వాటినే పట్టుకుని, పాదరసం జోలికి పోకుండానే బయటికి వచ్చేస్తుంది. మందూ వృథా, ఐరన్ మాత్రా వృథా.

రోజుకు నాలుగుసార్లు రాసి ఉంటే ఇలా పేర్చుకోవచ్చు. లేవగానే ఆరింటికి మొదటి మాత్ర, మంచినీళ్లతో. ఏడున్నరకు టిఫిన్, టీ. పదకొండు, పన్నెండు మధ్య రెండో మాత్ర. ఒంటి గంటకు భోజనం. మూడోది సాయంత్రం నాలుగు, అయిదు మధ్య. రాత్రి ఎనిమిదింటికల్లా భోజనం ముగించి, పదింటికి చివరిది. ఈ క్రమాన్ని సాధారణంగా చెడగొట్టేది సాయంత్రం బజారులో తాగే పాల టీ. మా అన్నయ్య మూడో మాత్ర వేసుకుని అలా కొట్టు మెట్లు దిగి టీ బండి దగ్గరికి వెళ్లేవాడు. తను తాగేది లెక్కలోకి వస్తుందని అతనికి తోచలేదు. వదిన పెట్టిన నోటు పుస్తకంలో సాయంత్రం ఆరు తర్వాత వికారం అని వరుసగా కనిపించాకే ఆ టీ సంగతి బయటపడింది. మాత్రకూ టీకీ మధ్య గంటన్నర పెట్టాక ఆ సాయంత్రపు బాధ బాగా తగ్గింది.

డీఎంఎస్ఏకు ఇంత పట్టింపు లేదు. 8 గంటలకోసారి అంటే ఆరు, రెండు, పది. క్యాప్సూల్ మింగలేని పిల్లలకు దాన్ని విప్పి, గుజ్జు చేసిన అరటిపండు లాంటి మెత్తని పదార్థంలో కలిపి ఒకటి రెండు చెంచాలు పెట్టి, వెనకే పండ్ల రసం తాగించవచ్చు. మొత్తం గిన్నెడు అన్నంలో కలపకండి. పిల్ల సగం తిని వదిలేస్తే ఎంత మందు లోపలికి పోయిందో తెలియదు.

ఒక వేళ మందు మరిచిపోతే తర్వాతి వేళకు రెండు కలిపి వేసుకోకూడదు. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయితే మళ్లీ ఇంకోటి వేసేయకుండా, ఎన్ని నిమిషాలకు వాంతయిందో రాసుకుని డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్‌తోపాటు జింకు మాత్రలు ఇస్తారు, గర్భిణులకు, కిశోర బాలికలకు ఐరన్ మాత్రలు ఇస్తారు. అవి మంచివే, వాళ్ల పని వాళ్లు సరిగానే చేస్తున్నారు. కానీ ఇంట్లో ఫలానా బిడ్డకు కీలేషన్ మందు నడుస్తోందని ఆమెకు తెలియదు. మనమే చెప్పాలి, ఏది ఏ వేళకో డాక్టరును అడగాలి.

నాలుగో పని: నోటు పుస్తకం

రూళ్ల పుస్తకంలో రోజుకో పేజీ. మందు వేళ, తిన్నది, తాగిన నీళ్లు, విరేచనాలు ఎన్నిసార్లు, ఎలా ఉన్నాయి, వాంతులు, మూత్రం రంగు, జ్వరం. బ్రహ్మపురంలోనో కొరాపుట్‌లోనో ఓపీలో డాక్టరు ఒడియాలో వేగంగా అడుగుతుంటే పెద్దవాళ్లు తడబడతారు. అంకెలు, టిక్కులు ఉన్న పేజీ ముందు పెడితే ఏ భాష డాక్టరైనా రెండు నిమిషాల్లో చదివేస్తారు. విశాఖ కేజీహెచ్‌కో భువనేశ్వర్ ఎయిమ్స్‌కో పంపినా అదే పుస్తకం పనికొస్తుంది.

పుస్తకంలో చూడాల్సింది బాధకూ మందు వేళకూ ఉన్న సంబంధం. మందు వేసుకున్న కొద్ది గంటల్లో మొదలై, తర్వాతి మాత్ర లోపు తగ్గుతూ, మందు లేని రోజుల్లో మాయమైతే అది మందు వల్ల అయ్యే అవకాశం ఎక్కువ. మందు మొదలుకాకముందు నుంచే చిగుళ్ల వాపు, నోట్లో ఉమ్మి ఊరడం, లోహపు రుచి, కడుపు నొప్పి ఉంటే పాదరసమే చేస్తున్న పని అయి ఉండవచ్చు. ఇంట్లో ఇంకొకరికి కూడా విరేచనాలు ఉంటే నీళ్లను అనుమానించండి. 2007లోనూ 2022లోనూ రాయగడ జిల్లా కాశీపూర్ వైపు కలరా ప్రబలింది. వానాకాలంలో చువ్వ (చెలమ) నీళ్లు, వాగు నీళ్లు తాగే ఊళ్లలో ప్రతి విరేచనాన్నీ కీలేషన్ ఖాతాలో వేస్తే అసలు జబ్బు దాటిపోతుంది. నీళ్లు కాచి చల్లార్చి తాగండి, రోగికే కాదు, వంట చేసేవాళ్లకూ.

అయిదో పని: ఒక్కో బాధకు ఏం చేయాలి

*వికారం, వాంతులు.* ఎక్కువ అన్నం ఒకేసారి పెట్టకుండా, కొంచెం కొంచెం అయిదారుసార్లు పెట్టండి. మరమరాలు, అటుకులు, మెత్తటి ఇడ్లీ, పలచని పెసరకట్టు, ఉప్పు వేసిన గంజి నిలుస్తాయి. వేపుళ్లు, ఎండుచేపల తాలింపు వాసన కొన్నాళ్లు ఇంట్లో రాకుండా చూడండి. వాసనకే వాంతి వచ్చేవాళ్లుంటారు. అల్లం ముక్క వేసి కాచిన నీళ్లు కొందరికి హాయిగా ఉంటాయి. వాంతుల మాత్ర డాక్టరు రాస్తే వాడండి. అందులో ఒండాన్‌సెట్రాన్ మలబద్ధకం తెస్తుందని గుర్తుంచుకోండి. పెనిసిలమిన్‌తో వికారం భరించలేనంత ఉంటే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచే పద్ధతి ఉంది. అది డాక్టరు చేయాల్సిన మార్పు. మాత్రను సగం విరిచి మీరు చేయకూడదు.

*నీళ్ల విరేచనాలు.* మొదటి విరేచనం నుంచే ఓఆర్ఎస్ మొదలుపెట్టాలి. పెద్ద ప్యాకెట్టు ఒకటి సరిగ్గా ఒక లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్టు సగం లీటరులో అని అంచనాగా కలపకూడదు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచిన నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమానంగా గీసి వేయాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. తిండి ఆపొద్దు. పెరుగన్నం, అరటిపండు, గంజి పెట్టండి, పెరుగుకూ పెనిసిలమిన్‌కూ వేళల దూరం మామూలే. వేసవిలో ఛత్రపురం, గోపాలపురం వైపు ఉక్కపోతకు చెమటలోనే చాలా నీరు పోతుంది. మూత్రం ముదురు పసుపుగా ఉంటే తాగుతున్నది చాలట్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరును అడిగే తాగాలి. విరేచనాలు కట్టేసే మాత్రలు మందుల షాపులో అడిగి వేసుకోకండి. జ్వరం గానీ రక్తం గానీ ఉంటే అవి హాని చేస్తాయి.

రాత్రి నానబెట్టిన పఖాళ గురించి చాలామంది అడుగుతారు. ఇక్కడ వేసవిలో అది లేని ఇల్లు ఉండదు, మన తరవాణి లాంటిదే. కడుపు కుదుటగా ఉన్నప్పుడు, కాచిన నీళ్లతో చేసుకుంటే అభ్యంతరం లేదు. విరేచనాలు అవుతున్నప్పుడు, రక్తకణాలు తగ్గాయని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం పులిసింది వద్దు. అప్పటికప్పుడు వార్చిన గంజి చాలు.

*మలబద్ధకం.* దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో ఎక్కువ పట్టించుకోవాల్సింది ఇదే. చేపల ద్వారా వచ్చిన మిథైల్ పాదరసం ఎక్కువ భాగం పిత్తరసంతో పేగులోకి దిగుతుంది. దాంట్లో కొంత మళ్లీ పేగు గోడల గుండా రక్తంలోకి పీల్చుకోబడుతుంది, కొంత పేగులోని బ్యాక్టీరియా రూపం మారి మలంలో పోతుంది. కాబట్టి విరేచనం రోజూ సాఫీగా అవడం మంచిదే. దానర్థం ఆముదం తాగి కడుపు కడిగేయమని కాదు. "మందు విషం తీస్తోంది, ఆముదం మిగతాది తోసేస్తుంది" అని మన ఇళ్లలో అమ్మమ్మలు ప్రేమగా గిన్నె పట్టుకొస్తారు. గట్టి విరేచనకారులతో నీరు, పొటాషియం పడిపోతాయి, కిడ్నీ మీద భారం పెరుగుతుంది. సున్నితంగా వద్దనండి. నీళ్లు, బొప్పాయి, జామ, ఆకుకూర పప్పు, కాయగూరలు ఎక్కువ వేసిన దాల్మా, పొద్దున్నే నడక. కొరాపుట్ వైపు దొరికే మండియా జావ, అంటే మన రాగి అంబలి, మంచిదే, కాకపోతే మాత్రకు దూరంగా తాగాలి. ఇసబ్గోల్ వాడితే గ్లాసు నిండా నీళ్లతో, మందుకు రెండు గంటలు ఎడంగా. మూడు రోజులు దాటినా కాకపోతే లాక్టులోజ్ లాంటిది రాయమని డాక్టరును అడగండి.

*గుండెల్లో మంట, గ్యాస్.* షాపులో గ్యాస్ మాత్ర కొనడం మనకు అలవాటు. యాంటాసిడ్ సిరప్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం పెనిసిలమిన్‌ను అడ్డుకుంటాయి. రోజూ మంట ఉంటే వేరే రకం మందు రాస్తారు, అడగండి. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవడం కడుపుకూ కిడ్నీకీ రెండింటికీ చేటు.

*రుచి పోవడం.* రుచి తెలియక ఆవకాయ, పచ్చిమిరపకాయ పెంచుకుంటూ పోతారు, దాంతో మంట మొదలవుతుంది. నిమ్మరసం, పుదీనా, జీలకర్ర వాడి చూడండి. ఈ రుచి సమస్య మందు వాడుతుండగానే తగ్గిపోయేవాళ్లూ ఉన్నారు. జింకు మాత్ర కొని వేసుకోవద్దు.

చేపలు, ఆకులు, పొడులు

గంజాం తీరంలో చేప లేకుండా భోజనం ఊహించలేం. పూర్తిగా మానమని నేను చెప్పను. పాదరసం ఎక్కడి నుంచి వచ్చిందో చూసి డాక్టరు చెప్పింది పాటించండి. పెద్ద చేప చిన్న చేపను తిని బతుకుతుంది కాబట్టి పాదరసం దాని కండలో పోగవుతుంది. సొర, వంజరం, పెద్ద సూర చేపలు కోర్సు జరుగుతున్నంత కాలం వద్దు. నెత్తళ్లు, కవళ్లు, రొయ్యలు, చెరువు బొచ్చె, రోహు తక్కువ ప్రమాదం. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట క్లోర్-ఆల్కలీ ఫ్యాక్టరీ (ఉప్పు నీటి నుంచి క్లోరిన్, కాస్టిక్ సోడా తీసేది) నుంచి పాదరసం చేరిన సంగతి మీద బ్రహ్మపురం విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేశారు. చేప ఏ నీళ్లలో పట్టిందో అమ్మే ఆమెను అడగడంలో తప్పు లేదు. పులుసు పెట్టినా, ఎండబెట్టినా పాదరసం పోదు.

కొత్తిమీర రసం, క్లోరెల్లా పొడి పాదరసాన్ని లాగేస్తాయని ప్రచారం ఉంది. మనుషుల్లో అది నిలబడిన ఆధారం లేదు. కొత్తిమీర కూరలో వేసుకోండి, మందు బదులు తాగకండి. పాదరసం కలిసిన భస్మాన్నే "విషహరం" అని మళ్లీ ఇచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లకు దూరంగా ఉండండి.

ఆరో పని: పరీక్షలు, ఆగిపోవాల్సిన గుర్తులు

డీఎంఎస్ఏ వాడుతుంటే సాధారణంగా వారానికోసారి రక్తకణాలు, కాలేయం పరీక్షలు చేస్తారు. పెనిసిలమిన్‌కు మొదట్లో రెండు వారాలకోసారి రక్తం, మూత్రంలో ప్రొటీన్ చూస్తారు. బాగానే ఉన్నాను కదా అని ఈ పరీక్షలు ఎగ్గొట్టొద్దు. కణాలు తగ్గడం మొదట్లో మనిషికి తెలియదు.

కింది వాటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి, దొరకకపోతే ఆసుపత్రికి వెళ్లండి:

- మలంలో రక్తం, తారులా నల్లటి మలం, రక్తపు వాంతి
- నీళ్లు కూడా నిలవని వాంతులు, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం
- కళ్లు పచ్చబడడం, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం
- జ్వరంతో గొంతు నొప్పి, నోటినిండా పుండ్లు
- ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం
- మూత్రంలో బాగా నురగ, పొద్దున్నే ముఖం, కాళ్ల వాపు
- మత్తుగా ఉండడం, మాట తడబడడం, ఫిట్స్

మలం నల్లగా ఉందంటే ఐరన్ మాత్ర వల్ల కూడా కావచ్చు. వేసుకుంటున్నారో లేదో ఆసుపత్రిలో చెప్పండి, కానీ ఆ అనుమానంతో ఇంట్లో ఆగిపోకండి. చిన్నపిల్లలు, గర్భిణులు, అరవై దాటినవాళ్ల విషయంలో రెండు మూడు వాంతులకే కదలండి. దగ్గరలో ఉన్న పీహెచ్‌సీలో సెలైన్ పెట్టించి, అక్కడి నుంచి బ్రహ్మపురం ఎంకేసీజీకో, కొరాపుట్ శహీద్ లక్ష్మణ నాయక్ వైద్య కళాశాలకో పంపుతారు. మందు డబ్బా, నోటు పుస్తకం సంచిలో సర్దుకుని పోవాలి.

కోర్సు అయ్యాక

మందు ఆగిన కొన్నాళ్లకు కండరాల్లో, అవయవాల్లో దాగిన పాదరసం మళ్లీ రక్తంలోకి వస్తుంది. పరీక్షలో అంకె కాస్త పెరిగి కనిపిస్తే వైద్యం దండగ అయిందని కుంగిపోవద్దు. అందుకే డాక్టర్లు కోర్సుకూ కోర్సుకూ మధ్య సాధారణంగా కనీసం రెండు వారాల విరామం ఇచ్చి, మళ్లీ పరీక్షించి, రెండో కోర్సు కావాలా అని నిర్ణయిస్తారు. ఈ విరామమే కడుపు కోలుకునే కాలం. రుచి తిరిగి రావడం, ఆకలి కుదురుకోవడం ఇప్పుడు మొదలవుతుంది. ఐరన్, జింకు ఏమైనా తగ్గాయా అని పరీక్ష చేయించి, అవసరమైతే మాత్రలు వేసుకోవడానికి కూడా ఇదే సమయం. కోర్సులో వద్దన్నది ఇప్పుడు డాక్టరే రాయవచ్చు, కంగారు పడకండి.

విరామంలోనూ నోటు పుస్తకం రాస్తూనే ఉండండి. మందు లేని రోజుల్లో కూడా అదే వికారం, అవే విరేచనాలు కొనసాగుతుంటే కారణం మందు కాదన్నమాట. అల్సరో, నులిపురుగులో, పిత్తాశయంలో రాళ్లో, లేదా ఇంట్లో ఇంకా మిగిలి ఉన్న పాదరసమో వెతకాలి. రెండో కోర్సు మొదలుపెట్టే ముందే ఆ పేజీలు డాక్టరుకు చూపించి, వేళల పట్టీ మళ్లీ రాయించుకోండి.